గ్రీజు పూసిన కంప్యూటర్

నాకు కోపం ఎక్కువ. అన్నం వేడిగా ఉన్నా కోపమే, చల్లారినా కోపమే అని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. నేను కంప్యూటర్ కట్టింది కూడా కోపంతోనే. చదువు కోసం కాదు, ఆటల కోసం కాదు. కిరండూల్ బజార్లో ఇంటర్నెట్ షాపువాడు నన్నొక మాటన్నాడు, అందుకు.

ఆ మాటకంటే ముందు అమ్మ సంగతి చెప్పాలి. మా సొంతూరు భేజ్జి. నేనుండే గని క్వార్టర్ వెనక కొండ దిగి అడవి దాటితే అదేం పెద్ద దూరం కాదు. రోడ్డు మీద పోవాలంటే గీదం మీదుగా, సుక్మా మీదుగా చుట్టి పోవాలి. అయినా దూరం లెక్క ఎందుకులెండి, ఆ రోజుల్లో అది పోలేని చోటు. గొడవల్లో ఊరు ఖాళీ అయింది. ఎవరి వల్ల అంటే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు, నేను ఆ జోలికి పోను. అమ్మ ఒక బట్టల మూటతో నా దగ్గరికి వచ్చింది. మిగతాదంతా అక్కడే ఉండిపోయింది. చూరులో దోపిన కాగితాలు, వాటి మధ్య రేషన్ కార్డు, ఆ కార్డు మీద మా అయ్య ఫొటో.

అయ్య అంతకు రెండేళ్ళ ముందే జ్వరంతో పోయాడు. మా చెల్లెలి పెళ్ళయిన సంవత్సరమే. ఆయన ఫొటో అంటూ ఉన్నది ఆ కార్డు మీదదే. కెమెరా కనపడితే చాలు, పశువులు తప్పిపోయాయని అడవిలోకి నడిచేవాడు. నేనేమో పదిహేడో ఏటే ఇక్కడి ఇనుప గనిలో పనికి వచ్చేశాను. ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఊరికి పోయేవాణ్ణి. చెల్లెలి పెళ్ళికి ఛుట్టీ దొరకలేదు. అయ్య చనిపోతే పోయాను గానీ, వాగు పొంగి చేరేసరికి అంతా అయిపోయింది.

అమ్మకు కళ్ళలో నీటికాసులు. జగదల్‌పూర్‌లో డాక్టర్ చూసి, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఉన్నన్నాళ్ళు ఉంటుంది, చుక్కలు మానకండి అన్నాడు. అప్పటికే ఆమెకు పక్కలు కనపడవు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రం కనపడుతుంది. డాక్టర్ మాటలు నేను హిందీలోంచి తెలుగులోకి కొంచెం మెత్తగా చేసి చెప్పాను. ఆమె నమ్మలేదు. బస్సు గీదం దాటాక నా చెయ్యి పట్టుకుని అడిగింది.

“కళ్ళు పోకముందల మీ అయ్య మొఖం ఒక్కపారి సూడాలెరా. నాకు యాదికొస్తలేదు. కాళ్ళు యాదికొస్తున్నయ్, తువ్వాల యాదికొస్తంది, మొఖం రాదు. ఏం మనిషినిరా నేను?”

ఆ ముఖం నాకూ గుర్తు రావడం లేదు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. “చూపిస్తనే, ఉండు” అన్నాను. చూపించే దారి ఉంది కాబట్టే అన్నాను.

చెల్లెలి పెళ్ళిని కోంటా నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ వీడియో తీశాడు. చెల్లెలి దగ్గర ఉన్న సీడీ గీతలు పడి ఆడటం మానేసింది. ఆ ఫొటోగ్రాఫర్ ఆ పనే వదిలేసి గీదంలో టైర్లకు పంక్చర్లు వేస్తున్నాడని తెలిసి వెళ్ళాను. మంచివాడు. కెమెరా, కంప్యూటర్ అన్నీ అమ్మేశానని చెప్పి, ట్యూబుల కింద నుంచి ఒక పాత హార్డ్ డిస్కు తీసి ఇచ్చాడు. “ఆ ఏడు తీసిన పెళ్ళిళ్ళన్నీ ఇందులో ఉంటయ్. కంప్యూటర్ లోపల తగిలిస్తే గానీ కనపడవు. ఉంచుకో భయ్యా” అన్నాడు. తిరుగు బస్సులో దాన్ని తువ్వాలలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

దాన్ని తీసుకుని ఇంటర్నెట్ షాపుకు పోయాను. ఆ షాపువాడు డిస్కు వంక, నా డ్యూటీ బట్టల వంక చూసి, బయటి డిస్కులు తగిలిస్తే నా మిషన్లు చెడిపోతాయి అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. “ఇది సుత్తి పట్టుకునే పని కాదు గురూ” అని నవ్వాడు. అంతే. నా నోటికి ఏమొస్తే అది అన్నాను, హిందీలో కొంత, తెలుగులో కొంత, మిగిలింది గోండీలో. నీ మొహం చూడకుండా సొంత కంప్యూటర్ నేనే కట్టుకుంటానని బజారంతా వినపడేలా చెప్పి వచ్చాను.

ఇల్లు చేరాక మా ఆవిడ అంది, “ఏటండీ, రెండు రోజులాగి మళ్ళీ మంచిగా అడిగితే ఏం పోయేది?” ఆమెది విజయనగరం వైపు, వాళ్ళ నాన్న గనిలో డ్రైవరు. ఆ “ఏటండీ”లోనే సగం తిట్టు ఉంటుంది. నేను వినలేదు.

విశాఖపట్నం పోయాను. సొరంగాలన్నీ దాటుకుంటూ రోజంతా నడిచే ఆ పాసింజర్ బండిలో వెళ్ళి, ఒక పార్టుల దుకాణంలో అన్నీ కొన్నాను. దుకాణం ఆయన కాగితం మీద బొమ్మ గీసి ఏది ఎక్కడ తగిలించాలో చెప్పాడు. నాకు అది కష్టంగా అనిపించలేదు. గనిలో నేను ఫిట్టర్ని. రాయి నలగ్గొట్టే యంత్రాల విప్పుడూ బిగింపుడూ నా పని. మనిషంత బేరింగు ఎక్కించినవాడికి అరచేతిలో పట్టే ముక్క ఎంత?

తెచ్చిన రోజు అమ్మ ఒక్కో పార్టును కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత నన్నూ అంత దగ్గరికి లాక్కుని చూసి, “మీసాల తెల్లెంటిక వచ్చిందిరా నీకు” అని పీకి పారేసింది. అంత చూపు ఉండేది అప్పటికి.

ఆదివారం పొద్దున మంచం మీద దుప్పటి పరిచి కట్టడం మొదలుపెట్టాను. ఇక్కడ మా కొండ సంగతి ఒకటి చెప్పాలి. బైలడిలా మీద వానాకాలం మొదలైతే నెలల తరబడి మబ్బు ఇంట్లోకే వస్తుంది. ఉతికిన చొక్కా నాలుగు రోజులకు గానీ ఆరదు. ఎండాకాలమంతా ఎగిరిన ఇనుప దుమ్ము ఆ తడికి అన్నిటికీ పట్టుకుంటుంది. గ్రీజు పూయని బోల్టు తెల్లారేసరికి తుప్పు ఎక్కి కూర్చుంటుంది. నేను పనిలో చేరిన మొదటి రోజు మా మేస్త్రీ నా చేతికిచ్చింది పానా కాదు, గ్రీజు డబ్బా. ఇనుము ఇనుముతో కలిసే ప్రతిచోటా ముందు గ్రీజు, తర్వాత బిగింపు. అది మర్చిపోయినవాడు అతని చేతిలో దెబ్బ తినకుండా బయటపడలేదు. నేనైతే ఇంట్లో తలుపు గొళ్ళేనికి, కుక్కర్ పిడి స్క్రూకి కూడా పూసేవాణ్ణి.

మెమరీ ముక్కకు అడుగున బంగారు రంగు పళ్ళు వరసగా ఉంటాయి. వాటిని బోర్డు మీది సందులో నొక్కాలి. ఎంత ముద్దుగా ఉన్నాయో ఆ పళ్ళు. ఈ తేమలో ఇవి ఎన్నాళ్ళుంటాయి అని జాలేసింది. షెడ్డు నుంచి తెచ్చుకున్న నల్ల గ్రీజు చిటికెన వేలితో తీసి, రెండు వైపులా పల్చగా, ప్రేమగా పూసి నొక్కాను.

స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది, పెట్టె ముందున్న దీపం వెలిగింది. అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి సిద్ధంగా ఉంచాను. మానిటర్ మీద సిగ్నల్ లేదని ఒక చిన్న డబ్బా కాసేపు అటూ ఇటూ తేలి, ఆరిపోయింది. తర్వాత మొత్తం నలుపు. ఆపి, తిరిగి స్విచ్ వేశాను. మళ్ళీ అదే. వైరు పీకి పెట్టాను, తట్టాను, తిట్టాను. అమ్మ మధ్యాహ్నం దాకా ఆ స్టూలు మీదనే కూర్చుంది. “కొత్తది గదా, సిగ్గు పడ్తందేమో” అని నన్నే ఓదార్చింది.

దుకాణం ఆయనకు ఫోన్ చేశాను. పాపం, ఆయన ఓపికగా చెప్పాడు. “మెమరీ తీసి మళ్ళీ పెట్టండి. చాలాసార్లు అక్కడే ఉంటుంది.” తీశాను, తుడిచాను, పెట్టాను. తుడిచింది మళ్ళీ పూయడానికే. రెండో సందులో పెట్టి చూడండి అన్నాడు. పెట్టాను. దానికి ముందు కూడా వేలితో చక్కగా పూశాను. పదిసార్లు తీసి ఉంటాను, పదిసార్లూ పూశాను. చేసింది తప్పని అనుమానం వస్తే కదా ఆయనతో చెప్పడానికి! తీసి పెట్టావా అంటే పెట్టాను అన్నాను. అది అబద్ధం కాదు.

అయితే నువ్వు అంటగట్టిన మానిటరే చెత్తది అన్నాను. విశాఖ పోతున్న మనిషి ఒకాయన దొరికితే పంపించాను. వారానికి తిరిగి వచ్చింది, బాగానే ఉందట. అయితే కరెంటు ఇచ్చే డబ్బాది తప్పు అన్నాను. అదీ పంపాను. ఈసారి వానలకు లైను మీద రాళ్ళు పడి బండ్లు ఆగిపోయాయి. లైను బాగు చేశాక ఖనిజం బండి నడిచినా మనుషుల బండి నడవలేదు. పద్దెనిమిది రోజులు. నేను ఆ దుకాణం ఆయన్ని దొంగ అన్నాను, ఈ గనిని తిట్టాను, వానను తిట్టాను.

ఈ మధ్యలో మా ఆవిడ మూడుసార్లు అడిగింది. “ఆ ఇంటర్నెట్ షాపాయన కాళ్ళేం పట్టుకోనక్కర్లేదు. నేనెళ్ళి అడుగుతాను, ఓ గంట అత్తను తీసుకెళ్ళి చూపించి వచ్చేస్తాను. మీరు రావద్దు.” మూడుసార్లూ వద్దన్నాను. మూడోసారి కంచం విసిరాను కూడా. ఈ మాట రాయడానికి నాకు ఇప్పుడు చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. అమ్మ ఆ కంచం ఎటు పోయిందో చూడలేదు. చప్పుడు వచ్చిన వైపు కాకుండా వేరే వైపు తల తిప్పింది. నేను అది గమనించాను. గమనించి, వయసు అనుకున్నాను.

కరెంటు డబ్బా వచ్చింది. అదీ బాగానే ఉందట. తగిలించాను, మళ్ళీ నలుపే. ఇంక ఏడుపొక్కటే తక్కువ. మూత తెరిచి ఉన్న పెట్టె ముందు కింద కూర్చుండిపోయాను. అమ్మ గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. చేత్తో తడిమి పెట్టె అంచు పట్టుకుని, ముక్కు దగ్గరికి పెట్టింది.

“ఏందిరా, ఈ డబ్బాల నీ డ్యూటీ బట్టల వాసన వస్తంది?”

“గ్రీజే అమ్మా. తుప్పు పట్టకుండా.”

వంటింటి గడప మీద మా ఆవిడ ఆగిపోయింది. “దీనికి గ్రీజు రాశారేటండీ? ఆయన రాయమన్నాడా?”

“ఆయనకేం తెలుసు ఇక్కడి తేమ?”

ఆమె ఫోన్ తీసుకుని తనే దుకాణం ఆయనకు చేసి, విషయం చెప్పి, నా చెవి దగ్గర పెట్టింది. “ఏ గ్రీజు గురువుగారూ?” అన్నాడు ఆయన. నల్లది, యంత్రాలకు వేసేది అన్నాను. “అందులో నల్లసీసం, అదే పెన్సిల్ ములుకులో ఉండేది, ఉంటుంది కదండీ. కరెంటు దాటిపోతుంది. పక్కపక్క పళ్ళన్నీ కలిసిపోయి ఉంటాయి. అందుకే అది నోరు విప్పట్లేదు.” ఆయన నవ్వుతాడేమో అని చూశాను, చీవాట్లు పెట్టడానికి. నవ్వలేదు. నేను ఆయన్ని అన్నన్ని మాటలన్నానే, ఒక్కటీ తిరిగి అనలేదు. నాకు తల తీసేసినట్టయింది.

డిస్పెన్సరీ నుంచి స్పిరిట్, దూది తెచ్చాను. పాత పళ్ళ బ్రష్షుతో రెండు సందులూ తోమాను. మెమరీ పళ్ళను రబ్బరుతో రుద్దాను. ఆరాక ఉత్త ఇనుమును ఉత్త ఇనుములో పెట్టినట్టు, ఏమీ పూయకుండా నొక్కాను. నా జీవితంలో గ్రీజు లేకుండా చేసిన మొదటి బిగింపు అదే.

మానిటర్ వెలిగింది. అక్షరాలు వచ్చాయి, బొమ్మ వచ్చింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. గీదం ఆయన ఇచ్చిన డిస్కు తగిలించి వెతికితే చెల్లెలి పెళ్ళి దొరికింది. నేను ఎగిరి గంతేసి అమ్మ భుజాలు పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాను.

“వచ్చిందే! సూడు!”

అమ్మ నిటారుగా కూర్చుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని చూసింది. మెల్లగా అంది, “వెలుతురు వచ్చిందిరా.”

“వెలుతురు కాదే, బొమ్మ. పందిరి కనపడ్తలేదా?”

“తెల్లగ కనపడ్తంది. సున్నం గొట్టిన గోడ లెక్క.”

ఆమెను ఇంకా ముందుకు జరిపాను. మానిటర్‌కు ముక్కు తగిలేంత. “ఇప్పుడు?” అన్నాను. ఆమె నా బాధ తెలిసి “ఆ, ఏదో మెదుల్తంది” అంది. అప్పుడు తెలిసింది నాకు. ఏడు వారాల కింద నా మీసంలో తెల్ల వెంట్రుక ఏరిన మనిషి. ఆ ఏడు వారాలు తినేసింది వాన కాదు, రైలు కాదు, దుకాణం ఆయన కాదు.

మా ఆవిడ మొహం కొంగులో పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఎంత కోరుకున్నానో.

“నాకు కాకపోతే ఏందిరా, నువ్వు సూసి జెప్పు” అంది అమ్మ. “ఎవలెవలు వచ్చిన్రు?”

చెప్పడం మొదలుపెట్టాను. పచ్చి నేరేడు కొమ్మలు వేసిన పందిరి, చెల్లెలు, పెళ్ళికొడుకు, డోలు వాళ్ళు. నేను పోలేని పెళ్ళి. ఫొటోగ్రాఫర్ పెళ్ళివాళ్ళనే తీశాడు, మిగతావాళ్ళు అంచుల్లో వచ్చి పోతున్నారు. చాలాసేపటికి పందిరి పక్కన ఒక మనిషి కనపడ్డాడు. మోకాళ్ళ పైకి ధోతీ, భుజం మీద తువ్వాల, చేతిలో సొరబుర్ర. ఆ నడకను ఎక్కడున్నా గుర్తుపడతాను. కానీ ఇటు వీపు పెట్టి ఉన్నాడు. తిరుగుతాడేమో అని ముందుకు వంగాను. తిరగలేదు. నాలుగు క్షణాలు, అంతే, కెమెరా పెళ్ళికూతురి వైపు పోయింది. చివరిదాకా చూశాను. అయ్య మళ్ళీ ఎక్కడా లేడు.

“మీ అయ్య వచ్చిండా?”

“వచ్చిండు.”

“ఇటు మొఖం పెట్టిండా?”

“పెట్టిండు” అన్నాను. ఆగలేకపోయాను. “ఇటే సూస్తుండు. నవ్వుతుండు.”

అమ్మ నా తొడ మీద ఒక్కటి వేసింది.

“అబద్ధాలు జెప్పకు. కెమెరా దిక్కు నవ్వేటోడా ఆ మనిషి? పశువులు పోయినయని అడివికి పోయేటోడు. వీపే గదా కనపడ్తంది?”

“వీపే అమ్మా.”

“ఏం జేస్తుండో అది జెప్పు. ఉన్నది జెప్పు.”

వెనక్కి తిప్పి, ఆ నాలుగు క్షణాల దగ్గర ఆపాను. “సొరబుర్రలకెల్లి నీళ్ళు పోస్తుండు. వంగి.”

“ఎవలికి?”

అప్పటిదాకా నేను అయ్య వీపునే చూస్తున్నాను. ఆయన ముందు ఎవరో కింద కూర్చుని దోసిలి పట్టి ఉన్నారు. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చినట్టు చెంప మీద మసి, జారిన కొప్పు. తల పైకెత్తి, నీళ్ళ వంక కాదు, ఆయన ముఖంలోకి చూస్తోంది.

“నీకే అమ్మా” అన్నాను. “నువ్వే కూసున్నవ్. నీకే పోస్తుండు.”

అమ్మ స్టూలు మీద కదలకుండా కూర్చుంది. “నేను ఎటు సూస్తున్న?” అని అడిగింది చాలా చిన్నగా.

“ఆయన మొఖం దిక్కు.”

“నిజంగనా?”

“ఒట్టు. పైకి సూస్తున్నవ్, కళ్ళు ఇంతింత జేసుకొని.”

“అట్లనా” అంది. ఆ తెల్లటి వెలుతురు వైపు చెయ్యి చాచి, మానిటర్ అద్దాన్ని ఒకసారి తడిమి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. “అయితే సూసిననే గదా నేను. సాలు. ఆపెయ్, కరెంటు పోతది ఊకె.”

ఆ తర్వాత ఆమె అయిదేళ్ళు బతికింది. అయ్య ముఖం గుర్తు రావడం లేదని మళ్ళీ ఎన్నడూ అనలేదు. గుర్తొచ్చిందో, నా కోసం ఊరుకుందో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నేను మాత్రం ఆ వీడియోను కంప్యూటర్లు మారినప్పుడల్లా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి ఎక్కించుకుంటూ వచ్చాను. ఆ నాలుగు క్షణాల దగ్గర ఆపుతాను. అయ్య వీపు వదిలేసి అమ్మ ముఖం చూస్తాను. ఆ కళ్ళు అప్పుడు ఎంత బాగుండేవి! అవి చూస్తున్నదేదో నాకూ ఒక్కసారి కనపడితే బాగుండునని, ఈ వయసులో, పిల్లాడిలా ఏడుస్తాను.